ఎర్రసిరా గీతలు

2 జనవరి 1979, మంగళవారం. ఉదయగిరి

పబ్లిక్ పరీక్షలకు ఇంక పన్నెండు వారాలు. డైరీ మళ్ళీ మొదలుపెడుతున్నాను. బడి సంగతులకు మాత్రమే.

పదో తరగతి బి సెక్షన్‌లో నలభై ఒక్క మంది. ఇంగ్లీషులో సగం మంది గట్టెక్కితే గొప్ప. తెలిసిన వ్యాసం వస్తే గైడులోది అచ్చంగా దించేస్తారు. రాకపోతే ప్రశ్ననే నాలుగుసార్లు రాసి వస్తారు. నాన్‌డిటైల్ పుస్తకం కొనని వాళ్ళు పదమూడు మంది.

పొద్దున అయిదింటికి లేచి ఇవాళ్టి పాఠం పైకి చదివాను. వంటగదిలోంచి దిద్దేవాళ్ళు లేరు. అయిదు నెలలు.

4 జనవరి

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడైనా రాసి పెట్టాలి. ఇరవై రెండేళ్ళుగా నేను క్లాసులో పలికిన ఇంగ్లీషు నాది కాదు. నేను నెల్లూరు కాలేజీలో బి.ఏ. చదివాను. రాయగలను. పలకడం రాదు. మా కాలేజీలో ఎవరూ పలకలేదు. నా భార్య లిదియమ్మ చదివింది అయిదో తరగతి. వాళ్ళమ్మ మిషన్ బంగళాలో దొరసానికి వంట చేసేది. పొయ్యి పక్కన కూర్చుని ఆ పిల్ల దొరసాని మాటలన్నీ పట్టేసింది. పెళ్ళయిన మొదటి వారంలోనే నేను పాఠం పైకి చదువుతుంటే వంటగదిలోంచి ఆపింది. 'సార్, దొరసాని అట్ల అనదు' అంది. నన్ను సార్ అనేది, ఎగతాళికి. తర్వాత అదే పిలుపయింది.

రోజూ తెల్లవారి నేను చదవడం, ఆమె దిద్దడం, ఆ దిద్దినదాన్ని నేను పదింటికి క్లాసులో పలకడం. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్ళు యేసుపాదం మాస్టారి ఉచ్చారణ బాగుందని రెండుసార్లు రాశారు.

ఇక బడి సంగతులు.

8 జనవరి, సోమవారం

హెడ్మాస్టర్ వెంకటరమణయ్య గారు పిలిచారు. ఫిబ్రవరి పదిన ఆత్మకూరులో హైస్కూళ్ళకు ఇంగ్లీషు ఎలొక్యూషన్ పోటీ ఉందట. నాలుగేళ్ళుగా మన బడి నుంచి ఎవరూ పోలేదు, ఈసారి ఒకరినైనా పంపండి అన్నారు.

జాన్‌బీని అనుకున్నాను. లాల్ బాషా కూతురు. అతను ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే బస్సుకు డ్రైవరు. తల్లి చిన్నప్పుడే పోయింది, లాల్ బాషా తల్లి, వాళ్ళ దాదీ కరీంబీ పెంచింది. కరీంబీ మాకు తెలియని మనిషి కాదు. లిదియమ్మ చివరి రెండు నెలలూ రోజూ మధ్యాహ్నం వచ్చి, గస ఎక్కువైనప్పుడు వీపు రుద్దిపోయేది. చెయ్యి పడగానే ఊపిరి కుదుటపడేది.

జాన్‌బీకి ఒకసారి విన్నది మళ్ళీ అనే శక్తి ఉంది. మాటే కాదు, మనిషి కూడా వచ్చేస్తాడు. ఇంటర్వెల్‌లో వాళ్ళ నాన్న బస్సు కండక్టర్‌లాగా 'సంగం, సంగం, బుచ్చి, నెల్లూరు, ముందుకు జరగండమ్మా, ఆ పెద్దమ్మ కోడిని ఒళ్ళో పెట్టుకో' అంటుంటే అటెండర్ మాల్యాద్రి నవ్వు ఆపుకోలేక గంట కొట్టడం మరిచాడు. హెడ్మాస్టర్ గారిలాగా కూడా అంటుందట. నాలాగా కూడా అంటుందేమో.

ఆ ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. కరీంబీ ఈ వేసవికి పెళ్ళి చేయాలంటుంది. చేజర్లలో మేనత్త కొడుకు సిద్ధంగా ఉన్నాడు. లాల్ బాషా మాత్రం, పిల్ల మార్చిలో ఒక్కసారికే పాసయితే నెల్లూరులో ఇంటర్ చదివిస్తానన్నాడు. తప్పితే ఇంక మాట లేదు. సెప్టెంబరులో మళ్ళీ రాయడం అనే మాటే లేదు. జాన్‌బీ ఈ సంగతి నాకు లెక్కల పుస్తకంలోని లెక్కలాగా చెప్పింది.

11 జనవరి

పద్ధతి తెలిసిందే. మాస్టారు రాస్తాడు, పిల్ల బట్టీ పడుతుంది. ఆత్మకూరు వాళ్ళిచ్చిన విషయం 'మరువలేని మనిషి'. తెల్లవారి కూర్చుని ఒక్క ఊపులో నాలుగు పేజీలు రాశాను. కొట్టివేతలు లేవు. ఎక్కడ ఆగాలో ఎర్రసిరాతో నిలువు గీతలు పెట్టాను.

పేరు రాయలేదు. ఎవరైనా కావచ్చు.

17 జనవరి

నాలుగున్నర నుంచి అయిదున్నర దాకా, బడి వరండాలో. క్లాసు తలుపు తెరిచి ఉంటుంది. మాల్యాద్రి మెట్ల మీద కూర్చుంటాడు.

జాన్‌బీ రెండు రోజుల్లో నాలుగు పేజీలూ ఒప్పజెప్పేసింది. ఒక్కో వాక్యానికి తెలుగులో అర్థం చెప్పించాను. ఒకచోట ఇలా రాశాను: ఆమెకు చదవడం రాదు, మాట్లాడటం వచ్చు. అతనికి చదవడం వచ్చు, మాట్లాడటం రాదు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషికి సరిపోయేవాళ్ళు. అక్కడ ఆగి 'ఈమె ఎవురు సార్?' అంది జాన్‌బీ.

ఒక ఆమె అన్నాను.

'ఉండాదా సార్ ఇప్పుడు?'

పేజీ తిప్పమన్నాను. చివరి పేరా మీద ఎక్కువ పని చేయాలి. అందులో ఆమె మంచం మీద పడుకుని అంటుంది: 'నేనెక్కడికీ పోలేదు. పక్క గదిలోనే ఉన్నాను. పిలిస్తే పలుకుతాను.' లిదియమ్మ చివరి వారంలో తెలుగు మాట్లాడలేదు. చిన్నప్పటి బంగళా ఇంగ్లీషే. ఈ మూడు మాటలూ రోజూ అనేది.

జాన్‌బీ బాగా అంది. ఆమెకు చేతకాక కాదు, గీతల దగ్గర ఆగటం లేదు. గీత అంటే ఊపిరి తీసుకుని మొదలుపెట్టమని, ఊపిరి వినపడాలని చెప్పాను.

20 జనవరి

వినపడుతోంది.

24 జనవరి, బుధవారం

ఈ రోజు జాన్‌బీ మొదలుపెట్టే ముందు గడ్డం కొంచెం ఎత్తి 'వెల్, నౌ' అంది.

అది కాగితంలో లేదు. దొరసాని అనేదట. లిదియమ్మ ఏ పని మొదలుపెట్టినా, బియ్యం ఏరడానికి కూర్చున్నా, ముందు 'వెల్, నౌ' అనేది. నేను రాయలేదు. చెప్పలేదు. ఆ పిల్ల లిదియమ్మతో ఎన్నడూ మాట్లాడలేదు.

ఎక్కడ నేర్చుకున్నావని అడగబోయి అడగలేదు.

మళ్ళీ మొదటినుంచి చెప్పించాను. మళ్ళీ అంది.

28 జనవరి, ఆదివారం

ఆరాధనకు పోలేదు. పోటీకి రెండు వారాలు కూడా లేదు. జాన్‌బీని ఈరోజు కూడా రమ్మన్నాను. గంటన్నర.

3 ఫిబ్రవరి

హెడ్మాస్టర్ గారు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. ఆడపిల్ల, వయసొచ్చిన పిల్ల, ఆదివారాలు కూడా ఎందుకన్నారు. తలుపు తెరిచే ఉంటుందన్నాను. తలుపు సంగతి కాదు మాస్టారూ, మీరు ఆ పిల్ల చెప్పేటప్పుడు కళ్ళు మూసుకుంటారట అన్నారు.

ఉచ్చారణ వినాలంటే కళ్ళు మూసుకోవాలి. ఇందులో తప్పేముంది.

10 ఫిబ్రవరి, శనివారం

లాల్ బాషా బస్సులోనే ఆత్మకూరు పోయాం. జాన్‌బీ, కరీంబీ ముందు సీట్లో. కరీంబీ దారి పొడుగునా నాతో లిదియమ్మ మాటలే మాట్లాడింది. చిన్న వేలంత మనిషి, ఎంత పట్టుదల, మందు తాగనంటే తాగదు అని.

పదిహేను మంది పిల్లలు. అందరూ గాంధీగారి మీదో, తల్లి మీదో. జాన్‌బీ పన్నెండోది. గడ్డం ఎత్తింది. అంతే, హాలులో గుసగుసలు ఆగాయి. మొదటి పేజీలోనే ఊపిరి వినపడటం మొదలయింది. చివరి పేరాకు వచ్చేసరికి ముందు వరసలో ఒక టీచరమ్మ కొంగు నోటికి పెట్టుకుంది.

మొదటి బహుమతి. ఒక ఫౌంటెన్ పెన్ను, సర్టిఫికెట్.

లాల్ బాషా బస్సు స్టాండులో పెట్టి వచ్చి వెనక నిలబడి విన్నాడు. చప్పట్లు కొట్టలేదు. కరీంబీ చేతిలో తిరిగే తస్బీ పూసలు ఆగిపోయి ఉండటం చూశాను. తిరుగు ప్రయాణంలో ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. జాన్‌బీని కిటికీ వైపు కూర్చోనివ్వలేదు.

12 ఫిబ్రవరి

పోటీ అయిపోయింది. అయినా పరీక్షల్లో వ్యాసానికి పనికొస్తుంది. జాన్‌బీని ఒక్కసారి చెప్పమన్నాను.

13 ఫిబ్రవరి

ఒక్కసారి.

15 ఫిబ్రవరి

ఈరోజు కూడా.

17 ఫిబ్రవరి

జాన్‌బీ కళ్ళ కింద నల్లగా ఉంది. రెండో పేజీలో ఆగి, 'సార్, ఇది చాలు సార్, వేరేది రాసియ్యండి, మా నాయన బస్సు గురించి నేనే రాసుకుంటా' అంది. ఇదొక్కటి స్థిరపడనీ అన్నాను. మళ్ళీ మొదలుపెట్టింది. ఎండ ముదురుతోంది. ఈ గాలికి అందరికీ ఆయాసంగానే ఉంటుంది.

22 ఫిబ్రవరి, గురువారం

జాన్‌బీ బడికి రాలేదు. నిన్న కూడా.

24 ఫిబ్రవరి

మాల్యాద్రి చెప్పాడు. పది రోజులుగా జాన్‌బీ తెల్లవారి అయిదింటికి లేచి కూర్చుని ఇంగ్లీషు మాట్లాడుతోందట. కళ్ళు తెరిచే ఉంటాయి, పిలిస్తే పలకదు. మధ్యలో గస. కరీంబీ ఆ గసను గుర్తుపట్టింది. రెండు నెలలు తన చేతి కింద ఉన్న గస అది. తర్వాత, నువ్వేం అంటున్నావని లాల్ బాషా అడిగితే, పిల్ల తెలుగులో చెప్పింది: నేనెక్కడికీ పోలేదు, పక్క గదిలోనే ఉన్నాను, పిలిస్తే పలుకుతాను.

'మన అమ్మగారు ఆ పిల్లమీదికి వచ్చినారంట సార్' అన్నాడు మాల్యాద్రి, తల వంచుకుని.

గురువారం తీసుకుపోయి ఆత్మకూరు అవతల పేట దర్గాలో ఉంచారు. నలభై రోజుల మొక్కు. వేళ్ళ మీద లెక్కేశాను. ఏప్రిల్ రెండు. పరీక్షలు మార్చి ఇరవై ఆరున మొదలు.

25 ఫిబ్రవరి

మూఢనమ్మకం. వెంటనే పోయి లాల్ బాషాకు చెప్పాలి. రాసింది నేను, నేర్పింది నేను, పిల్ల నిద్రలో బట్టీ వల్లిస్తోంది అని. పది నిమిషాల పని.

కానీ ఏం రాశానని చెప్పాలి. ఎవరి మాటలని చెప్పాలి. సంఘంలో తెలిస్తే ఏమంటారు. ఒక మాస్టారు చచ్చిపోయిన భార్య మాటలు తెచ్చి పదిహేనేళ్ళ పిల్ల నోట్లో పెట్టాడు అంటారు.

ఈ వారం టెస్టు పేపర్లు దిద్దాలి. వచ్చే ఆదివారం పోతాను.

26 ఫిబ్రవరి

'వెల్, నౌ' నేను చెప్పలేదు. అదొక్కటి ఎక్కడినుంచి వచ్చింది?

1 మార్చి, గురువారం

లాల్ బాషా బడికి వచ్చాడు. ఖాకీ చొక్కా మీదనే ఉన్నాడు, బస్సు బయట ఇంజను ఆపకుండా పెట్టాడు. వరండాలో నా ఎదురుగా నిలబడి చాలాసేపు చేతిగుడ్డ మడత పెట్టాడు.

'సార్, అమ్మగారికి ఏమన్నా మొక్కు మిగిలిపోయిందా? ఏమన్నా తినాలనో, ఎవుర్నన్నా చూడాలనో అడిగినారా ఆఖర్లో? చెప్పండి సార్. ఎంతయినా చేస్తా. ఆమెకు కావాల్సింది ఆమెకిచ్చి సాగనంపుదాం. నా బిడ్డని ఇడిసిపెట్టమని మీరొకసారి చెప్తే వింటారు గదా. మీ మాట వింటారు.'

ఆ క్షణంలో చెప్పాల్సింది. నోరు తెరిచాను. నేను అన్న మాట ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

'ఇంకేమన్నా చెప్పిందా?'

లాల్ బాషా నా మొహంలోకి చూశాడు. కొంచెం వెనక్కి జరిగాడు. లేదు సార్, అదే చెప్తాది, మళ్ళీ మళ్ళీ అదే, అన్నాడు. బస్సులోంచి హారన్ కొట్టారు. పోయాడు.

2 మార్చి

చెప్పి ఉండాల్సింది.

4 మార్చి, ఆదివారం

ఆత్మకూరు దాకా పోయాను. పేట బస్సు నిండా జనం. కలువాయి బస్సు, సంగం బస్సు, అన్నీ వచ్చి పోయాయి. రెండు గంటలు బల్ల మీద కూర్చుని తిరిగి వచ్చేశాను. పేట బస్సులు మూడు పోయాయి. మూడోదాంట్లో సీట్లు ఉన్నాయి.

ఎందుకు ఎక్కలేదో రాసుకోవాలి. అక్కడికి పోయి నేను చెబితే, ఆ పిల్ల ఆపేస్తుంది. ఆపేస్తే లిదియమ్మ ఇంక ఎక్కడా ఉండదు.

5 మార్చి

పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

9 మార్చి, శుక్రవారం

మాల్యాద్రి బీరువా సర్దుతూ జాన్‌బీ కాంపోజిషన్ నోటు తెచ్చిచ్చాడు. ఉపన్యాసం అందులోకి ఎత్తి రాసుకుంది. నా గీతలన్నీ ఎర్రసిరాతో నేను పెట్టినచోటే మళ్ళీ పెట్టుకుంది. ఒక్కటి తప్పలేదు.

తీసుకుని 'వెల్, నౌ' అన్నాను, చదవబోతూ. మాల్యాద్రి నవ్వాడు. అమ్మగారు పోయినకాణ్ణించి క్లాసులోకి పోయే ముందు రోజూ అంటారు గదా సార్, పిల్లకాయలు మీకు ఆ పేరే పెట్టినారు అన్నాడు.

ఏడు నెలలుగా అంటున్నానట. నాకు వినపడలేదు.

ఇంటికి వచ్చి నాలుగు పేజీలూ పైకి చదివాను. ఇంతవరకూ ఒక్కసారి కూడా నేను చదవలేదు, వింటూనే ఉన్నాను. గీత ఉన్నచోటల్లా ఆగాను. రెండో పేజీకి నాకు ఆయాసం వచ్చింది. మూడో పేజీలో గోడ పట్టుకున్నాను. వాక్యం మధ్యలో, మాటకు మాటకు మధ్య, ఎవరూ ఆగనిచోట గీతలున్నాయి. విరామాలని అనుకుని పెట్టాను. అవి లిదియమ్మ ఊపిరి అందక ఆగిన చోట్లు. జూన్, జూలై నెలల్లో పక్కన కూర్చుని విన్నవి అలాగే చేతికి వచ్చాయి.

ఆ పిల్ల నెల రోజులు, రోజుకు గంటసేపు, ఆ ఊపిరి పీల్చింది.

14 మార్చి

హాల్ టికెట్లు వచ్చాయి. నలభై మంది తీసుకున్నారు. ఒకటి హెడ్మాస్టర్ గారి బల్ల మీద పేపర్ వెయిట్ కింద ఉంది. చేజర్ల వాళ్ళు వచ్చి మాట్లాడిపోయారట. దర్గా నుంచి రాగానే నిక్కా. మొగుడు వస్తే దయ్యం దిగుతుందని ఎవరో చెప్పారట.

నేను అడగకముందే హెడ్మాస్టర్ గారు పేపర్ వెయిట్ తీశారు. మీరే ఇస్తారా అన్నారు.

18 మార్చి, ఆదివారం. పేట

మొదటి బస్సుకు బయలుదేరాను. హాల్ టికెట్, నోటు, నా చేతిరాత కాగితాలు సంచిలో ఉన్నాయి.

దర్గా బయటి వసారాలో చాప మీద ఉన్నారు. జాన్‌బీ చిక్కిపోయింది. మెడలో తాయెత్తు. నన్ను చూసి లేచి నిలబడింది, క్లాసులో లేచినట్టు. మనిషి మామూలుగానే ఉంది. అదే భయంగా ఉంది నాకు. మామూలుగానే చెప్పింది.

'ఆపుదామనే చూస్తా సార్. కండ్లు తెరిచేసరికి నోట్లో ఉంటాది. అయిపోయిందాకా ఊరుకోదు. హాల్ టికెట్లు వచ్చినాయా సార్?'

కరీంబీ నా వైపు చూడలేదు. లాల్ బాషా గిన్నెలో టీ తెచ్చి నా ముందు పెట్టి దూరంగా కూర్చున్నాడు. చెప్పాను. రాసింది నేను. మాటలు నా భార్యవి. ఆ పిల్ల అర్థం చేసుకుని చెప్పింది తప్ప ఎవరూ ఆమె మీదికి రాలేదు. పోటీ అయిపోయాక కూడా రోజూ చెప్పించాను, వినడానికి. నాకు వినాలనిపించి. తప్పు నాది.

లాల్ బాషా తల ఎత్తలేదు. మార్చి ఒకటిన నేను అడిగిన మాట అతనికి గుర్తుందని తెలుస్తూనే ఉంది.

కరీంబీ నమ్మలేదు. 'రాస్తే మాటలొస్తాయి నాయనా. ఒప్పుకుంటా. ఆ గస యాడనించి వస్తాది? కాగితంలో గస రాస్తారా ఎవురన్నా? రెండు నెలలు ఈ చేత్తో రుద్దినా. నాకు తెలీదా అది ఎవురి గసో?'

రాశాను అన్నాను. నోటు తెరిచి గీతలు చూపించాను. ఆమెకు చదవడం రాదు. గీతల మీద వేలు పెట్టి చూసి, ఇవి గీతలు అంది.

ఇంక ఒక్కటే దారి ఉంది. లేచి నిలబడ్డాను. నోటు జాన్‌బీ చేతికిచ్చి, ఎక్కడైనా తప్పితే చెప్పమన్నాను. 'వెల్, నౌ' అని మొదలుపెట్టాను.

వసారాలో జనం ఉన్నారు. ఎవరు ఎవరిని తెచ్చుకున్నారో వాళ్ళ పక్కన వాళ్ళున్నారు. నా గొంతు మగ గొంతు, నలభై ఎనిమిదేళ్ళది. అయినా మొదటి పేజీ పూర్తయ్యేసరికి కరీంబీ తస్బీ పక్కన పెట్టింది. గీత దగ్గర ఆగాను. ఊపిరి తీశాను. మళ్ళీ గీత. జాన్‌బీ వేలు కాగితం మీద నడుస్తోంది. మూడో పేజీలో ఊపిరి రాలేదు. కూర్చున్నాను. కూర్చునే చెప్పాను. 'పక్క గదిలోనే ఉన్నాను' దగ్గర గొంతు పూర్తిగా మూసుకుపోయింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. లోపల ఎవరో ఈలవేస్తున్నట్టుగా గస.

వీపు మీద చెయ్యి పడింది. మెడ కింద మొదలుపెట్టి నడుం దాకా, గుండ్రంగా, మెల్లిగా. కరీంబీ. ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు. లిదియమ్మకు రుద్దినట్టే రుద్దుతోంది. ఊపిరి అందింది. చివరి మాట అని ముగించాను.

'ఒక్కటి కూడా తప్పలేదు సార్' అంది జాన్‌బీ.

కరీంబీ చెయ్యి తియ్యకుండానే కొడుకుతో అంది: 'పిల్లని కాదురా లాలూ. ఈయన్ని పట్టింది.'

నేను కాదనలేదు. కాదనడానికి బి.ఏ. వరకూ వెతికాను, ఏమీ దొరకలేదు.

మొక్కు మాత్రం మొక్కే అంది కరీంబీ. నలభై రోజులనుకుంది, ఇరవై అయిదు అయినాయి, పదిహేను మిగిలినాయి, ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే. మనిషి మారితే పనికొస్తుందా అని లాల్ బాషా అడిగాడు. 'పట్టినోడే కూసుంటే ఇంకా మంచిది గదా' అంది.

నేను కూర్చుంటానన్నాను.

జాన్‌బీ మూట కట్టుకుంటూ నోటు నాకే తిరిగి ఇచ్చింది. నేనిచ్చిన హాల్ టికెట్ జాకెట్లో పెట్టుకుంది. తెల్లవారి మళ్ళీ వస్తే ఏం చెయ్యాలి సార్ అంది. గీతల దగ్గర ఆగవద్దన్నాను. ఒక్క ఊపిరిలో చెప్పెయ్, బస్సులో టికెట్లు అడిగినట్టు. మొదటిసారి నవ్వింది.

మధ్యాహ్నం బస్సుకు తండ్రీ కూతురూ పోయారు. కరీంబీ ఉండిపోయింది. మొక్కుకున్నది తాను కాబట్టి.

హెడ్మాస్టర్ గారికి సెలవు చీటీ పంపాను. కారణం అనారోగ్యం అని రాశాను.

21 మార్చి

పక్క చాప మీద కలువాయి నుంచి వచ్చిన శీనయ్య అనే రైతు. కూతుర్ని తెచ్చుకున్నాడు. నీతో ఎవరొచ్చినారని అడిగాడు.

నా భార్య అన్నాను.

అతను నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు.

24 మార్చి

తెల్లవారి అయిదింటికి కరీంబీ నన్ను తట్టి లేపింది. మాట్లాడుతున్నానట. ఏమన్నానో అడగలేదు. వీపు రుద్దింది.

జాన్‌బీకి అక్కడ ఎలా ఉందో తెలియదు. కబురు లేదు. అక్కడ ఆగి ఇక్కడ మొదలయిందో, రెండుచోట్లా ఉందో.

26 మార్చి

పరీక్షలు మొదలు. కబురు లేదు.

29 మార్చి, గురువారం

నిన్న ఇంగ్లీషు పరీక్ష. ఈరోజు మధ్యాహ్నం లాల్ బాషా డ్యూటీ దిగి ప్రశ్నపత్రం తెచ్చిచ్చాడు. జాన్‌బీ మూడు పేపర్లూ రాసిందట. పడుకున్నది ఉదయం దాకా లేవడం లేదట, నాలుగు రోజులుగా.

వ్యాసాల ప్రశ్నలో మూడు విషయాలు. మొదటిదే మరువలేని మనిషి. కొండంత అదృష్టం. నాలుగు పేజీలు నోటికి వచ్చు. దాని పక్కన టిక్కు లేదు. టిక్కు మూడోదాని పక్కన ఉంది. బస్సు ప్రయాణం.

ఎందుకని అడిగాను.

'నేనూ అడిగినా సార్. వచ్చింది రాయకుండా రానిది ఎందుకు రాసినావే, తప్పితే ఏం గాను అని. అది సార్‌ది నాయనా, సార్‌కి ఇచ్చేసినా అనింది. ఆ మాట మీతో చెప్పమనింది.' కొంచెం ఆగి అన్నాడు: 'కోడిని ఒళ్ళో పెట్టుకున్న పెద్దమ్మని కూడా రాసిందంట. ఇంగ్లీషులో దాన్నేమంటారో తెలీక కోడి అనే రాసిందంట.'

తెలుసు ఆ పిల్లకు. తండ్రిని నవ్వించడానికి అని ఉంటుంది. పాసవుతుందో లేదో నేను చెప్పలేను. సొంతంగా రాసిన వ్యాసాన్ని ఇన్నేళ్ళలో నేను దిద్దలేదు.

లాల్ బాషా పోతూ పోతూ నా పక్కన వదిలిన ఖాళీ చోట్లో కాసేపు కూర్చున్నాడు.

1 ఏప్రిల్

నాలుగు కాగితాలు, నోటు కరీంబీకి ఇచ్చాను. ఏం చెయ్యాలంది. నీ ఇష్టం అన్నాను. చదవడం రాని మనిషి దగ్గర ఉంటేనే మంచిది. నోటు మడిచి నడుం దగ్గర దోపుకుంది.

2 ఏప్రిల్, సోమవారం

నలభయ్యో రోజు. పదింటి బస్సుకు పోవాలి. తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దాలి.

అయిదింటికి మెలకువ వచ్చింది, ఎవరూ లేపలేదు. కరీంబీ అటు తిరిగి పడుకుని ఉంది. పక్కన ఖాళీ చోటు అలాగే ఉంది. పిలిస్తే పలుకుతుంది.

పిలవలేదు.